ఆరు వాట్ల డబ్బాకు శాలువా సన్మానం

భువనగిరి గుట్ట కింది పద్మశాలి వాడలోని సమస్త బంధుమిత్రులకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, దయాకర్ ఇంట్లోకి ఒక చిన్న కంప్యూటర్ కొనాలని తీర్మానం ఆమోదం పొందింది. తీర్మానం ప్రవేశపెట్టినది దయాకర్. బలపరిచినది దయాకర్. చర్చలో పాల్గొన్నది దయాకర్. ఆయన భార్య వసంతలక్ష్మి వంటింట్లోంచి ఏదో అన్నది గానీ, సరిగ్గా అప్పుడే కుక్కర్ కూత పెట్టడం వల్ల ఆ మాట సభ దృష్టికి రాలేదు. కాబట్టి ఏకగ్రీవం.

చిన్న కంప్యూటర్ అంటే పిల్లలు ఆడుకునేదని పొరబడేరు. దాని పేరు హోమ్ మీడియా సర్వర్. ఇంట్లో ఉన్న ఫొటోలు, వీడియోలు, పాత పెళ్ళి క్యాసెట్లు, తలా ఒక ఫోన్లో చెల్లాచెదురుగా పడి ఉన్నవన్నీ తెచ్చి ఒక్క డబ్బాలో పోస్తారు. ఆ డబ్బా పొద్దూమాపూ నడుస్తూనే ఉంటుంది. ఎవరికి ఏది కావాలంటే అది పెద్ద టీవీలో ప్రత్యక్షమవుతుంది. దయాకర్ ఈ సంగతి అరుగు మీద కూర్చొని వివరిస్తుంటే, పక్కింటి గురవయ్య ఒక్కటే అడిగాడు.

"పొద్దుమాపు నడిస్తే మరి కరెంటో?"

దయాకర్ ఆ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా నవ్వాడు. "అందుకేనే, తక్కువ కరెంటు తాగేది జూసి తెస్తున్న. ఆగు, అన్నీ చెప్త."

దయాకర్ గురించి రెండు మాటలు. ఆయన కరెంటాఫీసులో బిల్లుల సెక్షన్ గుమస్తా. ఊరి జనం కాల్చిన యూనిట్లు చూసి చూసి ఆయనకు లోకమంతా వాట్లలోనే కనిపిస్తుంది. పెండ్లికి పోతే పిల్లాపిలగాణ్ణి చూడడు, మండపం మీది బల్బులు చూసి గుండె బాదుకుంటాడు. ఆయన ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి ఆలోచించే హక్కు ఎవరికీ లేదు. ముందు ఆలోచించుకోవాలి, తర్వాత తెరవాలి. ఫ్యాను వేసి మర్చిపోయి లేచినవాళ్ళకు అన్నం పెడతారు గానీ ఉపన్యాసం కూడా వడ్డిస్తారు. ఇంతటి పొదుపరి మన పట్టణంలో ఉండడం మన అదృష్టం. ఇలాంటివాళ్ళు వాడకొకరు ఉంటే శ్రీశైలంలో కరెంటు మిగిలిపోయి ఎక్కడ పెట్టాలో తెలియక తలలు పట్టుకునేవాళ్ళు.

ఆ ఇంటి ముందు గదిలో గుంటమగ్గం ఉంది. కింది గుంటలో కాళ్ళు పెట్టి దాని ముందు దయాకర్ తండ్రి సిద్దయ్య కూర్చుంటాడు. ఆ ఇంట్లో కరెంటు అసలే తాగని యంత్రం అదొక్కటే. చిత్రమేమిటంటే కొడుకు పొదుపు ఉపన్యాసాల్లో దాని పేరు ఎన్నడూ రాలేదు. పైగా ఎవరైనా ఆఫీసర్లు ఇంటికి వస్తే దానిమీద దుప్పటి కప్పుతారు.

మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది గానీ ఆ ఇల్లు రెండేండ్ల నుంచీ మూగపోయినట్టే ఉంది. దయాకర్ తల్లి శారదమ్మ పోయినప్పటి నుంచీ అంతే. జ్వరం అన్నది, మందుబిళ్ళ మింగింది, మూడో పొద్దుకు దవాఖానలో కన్ను మూసింది. బతికినన్నాళ్ళూ ఆమె చేసిన పని ఆసు పోయడం. అంటే మేకుల చట్రం చుట్టూ నూలు పోగును చేత్తో తిప్పుతూ పోవడం. చీర మీద పువ్వు ఎక్కడ విచ్చుకోవాలో ఆ పోగు లెక్కే చెబుతుంది. భుజం అరిగిపోయింది గానీ నోరు అరగలేదు. ఆమె తిట్లు వాడ చివరి బోరింగు దాకా వినిపించేవి. అందులో పావు వంతు కోడలికి, మిగతా ముప్పావు సిద్దయ్యకు.

ఆ తిట్లలో ఒక తునక మాత్రం మిగిలింది. ఒక సద్దుల బతుకమ్మ నాడు ఆమె తాంబాళంలో తంగేడు, గునుగు పేరుస్తుంటే దయాకర్ ఫోన్‌తో తీశాడు. సిద్దయ్య నూలు కండెలు పట్టుకొని ఇటు వస్తూ పూల మీద కాలేశాడు. ఇక చూడండి. "నీ కండ్లేడ వెట్టుకున్నవయ్యా? ఇన్నేండ్ల సంది గీ మనిషితోని ఏగుతున్న. పోగు మీద కాలెయ్యమంటే పానం పోతది, పువ్వు మీదనైతే గుర్రమెక్కినట్టు వస్తడు. పోగు దేవుడు, పువ్వు గడ్డా? పో, అన్నం తినుపో, సల్లగైనంక మళ్ల నన్నంటవ్." అంతే. నిమిషం కూడా నిండదు. చివర్లో ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

ఆమె పోయాక వచ్చిన మొదటి బతుకమ్మ నాడు సిద్దయ్య మగ్గం గుంటలోంచి లేచి కొడుకు దగ్గరికొచ్చాడు. ముసలాయన ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగడు. అడిగే అలవాటు లేనివాళ్ళకు గొంతు కూడా సరిగ్గా రాదు.

"బిడ్డా, గా మీ అమ్మ తిట్టింది ఉన్నది జూడు. జర ఒక్కపారి వినిపియ్యి. ఇల్లంత సప్పుడు లేక చెవులు గింగురుమంటున్నయి."

వీడియో దయాకర్ జేబులోని ఫోన్లోనే ఉంది. వేలు రెండుసార్లు తగిలిస్తే మోగుతుంది. ఇక్కడ మామూలు కొడుకైతే ఫోన్ తీసి పెట్టేసేవాడు. దయాకర్ మామూలు కొడుకు కాదు, ప్రణాళిక ఉన్న కొడుకు.

"ఫోన్ల ఏముంటది బాపు? గింతంత బొమ్మ, దోమ గొంతు. అమ్మను గట్ల సూస్తవా? సర్వర్ తెస్తున్న. పెద్ద టీవీల, నిలువెత్తు కనవడ్తది. చుట్టాలందర్ని పిలిచి కూసుండవెట్టి సూపిస్త. జర ఓపిక పట్టు."

సిద్దయ్యకు సర్వర్ ఏమిటో తెలియలేదు గానీ నిలువెత్తు అన్న మాట మాత్రం తెలిసింది. సరే బిడ్డా అని మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాడు.

ఎంపిక ప్రక్రియ మొదలైంది. అటక మీద ఒక పాత ఆఫీసు కంప్యూటర్ ఉంది. పని చేస్తుంది, ఇంట్లోనే ఉంది, ఆ పూటే మొదలుపెట్టవచ్చు. ఈ కారణాల చేత దాన్ని పరిశీలనకే తీసుకోలేదు. పైగా అది వంద వాట్లు మింగుతుందట. "ఏనుగును తెచ్చి ఎలుకల బోనుకు కాపలా పెట్టినట్టు" అన్నాడు దయాకర్. తర్వాత అరచేతిలో పట్టే ఒట్టి సర్క్యూట్ పలక ఒకటి చర్చకు వచ్చింది. దానికి నాలుగు వాట్లు చాలు. కానీ సినిమా మధ్యలో ఆగి ఆలోచిస్తుందని ఎవరో వీడియోలో చెప్పారు. చివరికి పోటీ రెండు డబ్బాల మధ్య మిగిలింది. ఒకదానికి లోపల బుల్లి ఫ్యాను ఉంది, తొమ్మిది వాట్లు. రెండోదానికి ఫ్యానే లేదు, ఆరు వాట్లు. ఒళ్ళంతా ఇనుపరేకు. ఆ ఒంటి మీదుగానే వేడి బయటికి పోతుంది.

ఆరా, తొమ్మిదా? ఈ మూడు వాట్ల తేడా మీద దయాకర్ దసరా దాటించాడు, దీపావళి దాటించాడు, చలికాలం మొత్తం తగలేశాడు. అరుగు మీద గురవయ్యతో వాదించాడు. ఆఫీసులో లంచ్ టైములో వాదించాడు. ఎదురుపడినవాణ్ణి పట్టుకొని "మూడు వాట్లంటే ఏమనుకున్నవ్, సంవత్సరం పొడుగున మూడు వాట్లు!" అనేవాడు. ఎదుటివాడు భయపడి అవునవునని పోయేవాడు.

పరిశోధన తేలిక కాదు. ఇంగ్లీషులో, హిందీలో, తెలుగులో ఈ డబ్బాల మీద ఉన్న ప్రతి వీడియోనూ చూడాలి. అవి చిన్న తెర మీద చూస్తే కళ్ళకు మంచిది కాదు గనుక పెద్ద టీవీలోనే చూశాడు. చలికాలమైనా గుట్ట పగలంతా ఎండను మింగి మాపంతా కక్కుతుంది గనుక గదిలో ఏసీ వేసుకొని చూశాడు. మీటరు ఎంత వేగంగా తిరిగిందో కరెంటాఫీసు గుమస్తాను అడగడం మర్యాద కాదు గనుక ఎవరూ అడగలేదు. ఒక్క వసంతలక్ష్మి మాత్రం తలుపు దగ్గర నిలబడి, "మూడు వాట్లు మిగిలించెతందుకు గీ ఏసీనా?" అన్నది. దానికి ఆయన "నీకు సమజ్ కాదు" అని సాంకేతిక వివరణ ఇచ్చాడు.

శివరాత్రికి సిద్దయ్య మళ్ళీ అడిగాడు. "బిడ్డా, గా డబ్బ వచ్చిందా?"

"తొమ్మిది దిక్కు మొగ్గుతున్న బాపు. ఇంక రెండు వీడియోలున్నయి, చూసి చెప్త."

ఉగాది పోయాక ఒకనాడు ముసలాయన ఏమీ అడగలేదు. అన్నం ముందు కూర్చొని కొడుకు మొహం వైపు చూశాడంతే. చూసి, కంచంలో చెయ్యి కడుక్కొని లేచాడు. వసంతలక్ష్మి ఆ కంచం తీస్తూ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఫోన్లనే ఉన్నది గద, పెట్టరాదూ? ముసలి పానం గట్ల కొట్టుకుంటాంది," అన్నది. దయాకర్ చాలా బాధపడ్డాడు. ఇంత పెద్ద పనిని ఇంత చిన్నగా చూసే మనుషుల మధ్య బతకాల్సి వచ్చినందుకు బాధపడ్డాడు. ఆ కోపంలోనే ఆరు వాట్లది ఆర్డర్ పెట్టేశాడు. చరిత్రలో పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి.

డబ్బా వచ్చింది. తమలపాకుల కట్టంత ఉంది. దయాకర్ దాన్ని రెండు చేతుల మీద పెట్టుకొని ఇల్లంతా తిప్పి చూపించాడు. ఫ్యాను లేదు, చప్పుడు లేదు, ఒళ్ళే దానికి ఫ్యాను. పక్కన అంటిపెట్టుకొని ఒక హార్డ్ డిస్కు. అసలు సరుకంతా ఉండేది ఆ డిస్కులోనే. ఇక ఎక్కించడం మొదలైంది. పెళ్ళి క్యాసెట్లు హైదరాబాద్ పంపి మార్పించి, పాతవి పారేశాడు. ఇంట్లో అందరి ఫోన్లూ తీసుకున్నాడు. అన్నిటిలోంచీ అన్నీ డబ్బాలోకి తీశాడు. నకలు తీయలేదండీ, ఉన్నదున్నట్టు ఎత్తి పోశాడు. ఫోన్లు కడిగిన ముంతల్లా మిగిలాయి. "ఒక్క వస్తువు రెండు జాగల్ల ఎందుకు? గదీ దుబారానే," అన్నాడు.

గురవయ్యకు అనుమానం తీరలేదు. "డబ్బ ఖరాబైతే ఎట్లనే? ఇంకో డిస్కుల గూడ పెట్టుకోవద్దా?"

"ఇంకో డిస్కంటే ఇంకో రెండు వాట్లు," అన్నాడు దయాకర్. 

ఆవిష్కరణకు ముహూర్తం పెట్టారు. వైశాఖం, మిట్టమధ్యాహ్నం. ముఖ్య అతిథి దయాకర్ బావ రాంచందర్. ఈయన చేనేత కళా రక్షణ సంఘానికి అధ్యక్షుడు. చేనేతను కాపాడాలని ఏ వేదిక దొరికినా మాట్లాడతాడు. మాట్లాడేటప్పుడు మిల్లు చొక్కా వేసుకుంటాడు, ఎందుకంటే చేనేత చొక్కా ఊరికే నలుగుతుంది. ఏడాదికోసారి ముసలి నేతగాళ్ళను పిలిచి శాలువాలు కప్పి పంపుతాడు. ఆ శాలువాలు ఎక్కడో సూరత్ వైపు మరమగ్గం మీద నేసిన పాలిస్టర్‌వి, అట్టపెట్టెల్లో టోకున వస్తాయి. సిద్దయ్య బీరువాలో అలాంటివి ఒక అర నిండా ఉన్నాయి. సన్మానాలకు లోటు లేదు, చీరలు అడిగేవాళ్ళకే లోటు.

ఇక్కడ మా వాడ ఆచారం ఒకటి చెప్పాలి. నేతపని చేసే సాలోళ్ళ ఇంట్లో ఏ వస్తువూ ఒట్టిగా ఉండదు. టీవీకి తొడుగు, ఫ్రిజ్‌కు తొడుగు, మిక్సీకి తొడుగు, ఆఖరికి రిమోట్‌కూ ఒక లాగు. కొత్తది ఏది గడప దాటినా పసుపు కుంకుమ పెట్టి, దానికో కొత్త బట్ట పెట్టాలి. చూడవచ్చిన చుట్టం కూడా ఒట్టి చేతులతో రాకూడదు, బట్ట తేవాలి. ఒళ్ళు కప్పనిది గౌరవం కాదని మా నమ్మకం.

మొదటి బట్ట సిద్దయ్యది. పది రోజుల నుంచి ముసలాయన మగ్గం మీద ఏదో దాచి దాచి నేస్తున్నాడు. ముహూర్తం వేళకు తెచ్చి విప్పాడు. చిన్న గుడ్డ, చేటంత ఉంటుంది. ఎర్ర నేల మీద తంగేడు పూల రంగు గళ్ళు. చిక్కని నేత, నీళ్ళు పోసినా కారనంత చిక్కన. రంగు అంటకూడని చోట పోగులకు చిటికెలు కట్టి, రంగులద్ది, శారదమ్మ లేదు గనుక ఆసు కూడా తనే పోసుకొని నేశాడు.

"మీ అమ్మ గిండ్లనే ఉంటదంటివి గద బిడ్డా," అన్నాడు డబ్బా వైపు చూస్తూ. "బట్ట లేకుంట ఎట్ల ఉంచుతం?"

దయాకర్ ఒక్క క్షణం తటపటాయించాడు. డబ్బాతో వచ్చిన కాగితంలో, చుట్టూ గాలి ఆడనివ్వాలి, ఏమీ కప్పకూడదు అని తాటికాయంత అక్షరాలతో ఉంది. చదివాడు కూడా. చెబుదామని నోరు తెరిచాడు. తండ్రి అప్పటికే గుడ్డను డబ్బా చుట్టూ చుడుతున్నాడు. ఇంతలో రాంచందర్, "ఏం బామ్మర్ది, అమ్మకు బట్ట పెట్టనిస్తలేవా?" అన్నాడు పదిమందిలో. దయాకర్ డబ్బా తాగే కరెంటు చూపడానికి గోడకు తగిలించిన వాట్ల మీటరు వైపు చూశాడు. గుడ్డ చుట్టాక కూడా అది ఆరే చూపిస్తోంది. ఆయన మొహం విప్పారింది.

"పెట్టున్రి. బట్ట కరెంటు తాగదు," అని తీర్పు చెప్పాడు.

ఇక ఆగేదెవరు? చౌటుప్పల్ చిన్నమ్మ జాకెట్ ముక్క పెట్టింది. మేనత్త కండువా చుట్టింది. సంఘం తరఫున రాంచందర్ జరీ అంచు శాలువా కప్పి ఫొటోకు నిలబడ్డాడు. ఫొటో సరిగ్గా రాలేదని తీసి మళ్ళీ కప్పాడు. ఆయన కప్పాక కార్యదర్శి కప్పకుండా ఉంటే బాగుండదు, కార్యదర్శి కప్పాక కోశాధికారికి కోపం వస్తుంది. డిస్కూ డబ్బా కలిసి చిన్న పెండ్లిపిల్ల మూటలా తయారయ్యాయి. పసుపు రాయడానికి జాగా లేక పై శాలువాకే రాశారు.

కార్యక్రమంలో శారదమ్మ వీడియో చివరి అంశం. సిద్దయ్య ఉతికిన ధోవతి కట్టుకొని టీవీకి ఎదురుగా ముందు కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, కదలకుండా. ఆయన కళ్ళు నల్లటి తెర మీదే ఉన్నాయి. రాంచందర్ మైకు అందుకున్నాడు.

"నేటి దినము భువనగిరి చరిత్రల నిలిచిపోయే దినము! పోగుకు పోగు కలిస్తే బట్ట. ఫొటోకు ఫొటో కలిస్తే సర్వర్. అందుచేత సర్వర్‌ను కనిపెట్టింది కూడ మనవాళ్లేనని నేను సగర్వంగ మనవి చేస్తున్న! మా అత్తమ్మ శారదమ్మగారు మహా కళాకారిణి. ఆ తల్లి భుజం సల్లగుండ, ఆసు పోసి పోసి ఈ జాతికి వెలుగునిచ్చింది. ఆమెను మనం బతికుండంగ గుర్తించకపోయినా, ఇయ్యాల ఈ డబ్బ రూపంల ఘనంగ సన్మానించుకుంటున్నందుకు నాకు శానా తృప్తిగ ఉన్నది."

చప్పట్లు. తర్వాత కార్యదర్శి. తర్వాత కోశాధికారి, ఆయన ముందువాళ్ళు చెప్పినవన్నీ మళ్ళీ చెప్పనని చెప్పి అన్నీ మళ్ళీ చెప్పాడు. తర్వాత వందన సమర్పణ. తర్వాత భోజనాలు, ఎందుకంటే మటన్ చల్లారిపోతుంది. ఈ మధ్యలో డబ్బా ఖాళీగా లేదు పాపం. లోపల అన్ని ఫొటోలనూ మొహాల వారీగా విడదీసే పని దయాకర్ ఆ పొద్దునే పురమాయించాడు. అది ఊపిరి బిగబట్టి ఆ పని చేస్తూనే ఉంది. సిద్దయ్య భోజనానికి లేవలేదు. చూసినంక తింటనన్నాడు.

అందరూ చేతులు తుడుచుకొని, పండ్లు కుట్టుకుంటూ వచ్చి కూర్చున్నారు. దయాకర్ రిమోట్ పైకెత్తి నొక్కాడు. తెర వెలిగింది. మధ్యలో ఒక చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, సర్వర్ దొరకలేదని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. దొరకలేదు. "ఏదో కాలిన వాసనొస్తాంది" అన్నది చౌటుప్పల్ చిన్నమ్మ.

విప్పడం మొదలుపెట్టారు. కోశాధికారి శాలువా, కార్యదర్శి శాలువా, అధ్యక్షుల శాలువా. ఒక్కొక్కటి తీస్తుంటే లోపలి నుంచి కుమ్మరి ఆవం తెరిచినట్టు వేడి కొడుతోంది. లోపలి పాలిస్టర్ శాలువా సాగి కండువాకు అతుక్కుపోయింది. రాంచందర్ ఉత్సాహంగా చెయ్యి పెట్టి, అబ్బా అంటూ వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. ఆఖర్న సిద్దయ్య గుడ్డ వచ్చింది. అది కాలలేదు. చేనేత నూలు కదా, కమిలిందంతే. దాని కింద డబ్బా మాడి ఉంది, డిస్కు ఒక పక్కకు ఒంగి ఉంది.

పట్టణంలో బాగుచేసేవాడు చూసి పెదవి విరిచాడు. హైదరాబాద్‌లో పోయినవాటిని తీసేవాళ్ళున్నారంటే అక్కడికీ తీసుకుపోయాడు. వాళ్ళు డిస్కు విప్పి, లోపల పలక గీరుకుపోయింది, గింజ కూడా రాదన్నారు. పెళ్ళి క్యాసెట్లు పోయాయి, పిల్లల పుట్టు వెంట్రుకలు పోయాయి, బతుకమ్మ నాటి ఆ తిట్లూ పోయాయి. దయాకర్ బస్సులో వస్తూ బీబీనగర్ దాకా ఏడ్చాడు. అది మాత్రం నిజమైన ఏడుపే, అందులో ఎకసెక్కానికి ఏమీ లేదు.

ఇంటికొచ్చేసరికి బంధువులు పరామర్శకు చేరి ఉన్నారు. దిష్టి తగిలిందని ఒకరన్నారు. ముహూర్తబలం చాలలేదని ఒకరన్నారు. రాంచందర్ కట్టు కట్టిన వేళ్ళు పైకెత్తి, "సంఘం తరఫున సంతాప తీర్మానం చేద్దాం. డబ్బను అద్దాల పెట్టెల పెట్టి, ఒక శాలువా..." అన్నాడు. దయాకర్ అప్పటికే కళ్ళు తుడుచుకొని ఫోన్ తీశాడు. "తప్పు నాదే బావా. ఫ్యానున్నది తేవాల్సుండె. మూడు వాట్లకు కక్కుర్తి పడ్డ." సిద్దయ్య కమిలిన గుడ్డను ఒళ్ళో పెట్టుకొని, మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. ముందు పెట్టిన అన్నం కంచం అలాగే ఉంది.

వసంతలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. ఈసారి కుక్కర్ కూత పెట్టలేదు.

"శాలువానా? ఇంకో శాలువా కప్పుతవా అన్నా? కప్పి కప్పి సంపితిరి గద! లోపట ఊపిరాడుతాందా లేదా సూసినోడు ఒక్కడన్న ఉన్నడా? మా అత్తమ్మ భుజం లేస్తలేదని మూలిగిననాడు ఏడవోయిండ్రు మీరంత? ఒక్కనాడన్న ఒక్క చీర పెట్టినోళ్లున్నరా? సచ్చిపోయినంక ఇనుపడబ్బకు జరీ శాలువాలు! ఈయన ఉన్నడు, ఈయనకు మూడు వాట్లు కనవడ్తయి, కన్నతండ్రి కనవడడు. జేబుల పెట్టుకొని తిరిగిండు ఏడాదంత, ఒక్కపారి వినిపిస్తే ఏం పోయేది? నీ కండ్లేడ వెట్టుకున్నవయ్యా?" ఆయాసంతో ఆగి, మామ వైపు తిరిగింది.  "నువ్వెందుకు గట్ల కూసున్నవ్ మామా? పో, అన్నం తినుపో. సల్లగైనంక మళ్ల నన్నంటవ్!"

 సిద్దయ్య తల ఎత్తాడు. ముసలాయన మొహం మీద ఎన్నడో ఆరిపోయిన దీపం మళ్ళీ అంటుకున్నట్టయింది.

"గదే," అన్నాడు. "గదే మాట. గట్లనే అంటుండె." కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. కంచం దగ్గరికి లాక్కున్నాడు. "ఇంకో నాలుగు తిట్టు బిడ్డా. తింట."

ఆమె తిట్టింది. ఏడుస్తూ, ముక్కు చీదుతూ, చారు పోస్తూ తిట్టింది. సిద్దయ్య ముద్ద ముద్దకూ తలూపుతూ తిన్నాడు. సంఘం వాళ్ళు చెప్పులు వెతుక్కున్నారు. కథ ఇక్కడ ఆగి ఉంటే మన జాతి బాగుపడినట్టే లెక్క. కానీ దయాకర్ ఫోన్ ఎత్తి పట్టుకొని ఉన్నాడు.

"అచ్చం అమ్మ లెక్కనే ఉన్నది వసంతా! రికార్డు చేసిన. మొత్తం వచ్చింది."

సిద్దయ్య చెయ్యి కడుక్కొని, ధోవతి కొసకు తుడుచుకొని కొడుకు పక్కకు జరిగాడు. "ఏదీ బిడ్డా, ఒక్కపారి పెట్టు."

దయాకర్ ఫోన్‌ను జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. తండ్రి భుజం మీద ప్రేమగా చెయ్యి వేశాడు. "ఫోన్ల ఏముంటది బాపు? తొమ్మిది వాట్లది ఆర్డర్ పెడుతున్న. రానియ్యి, పెద్ద టీవీల సూద్దువు."

మీరు నవ్వుతున్నారు, నవ్వండి. మీ ఫోన్లో ఎవరి గొంతు ఉందో, దాన్ని ఎప్పుడు తీరిగ్గా విందామని పక్కన పెట్టారో నేను అడగను. కథ బాగుందనిపిస్తే దీన్నీ దాచుకోండి, తర్వాత చదువుకోవచ్చు. దాచుకోవడం మీకు కొత్త కాదు కదా.